గోలీకి ఒళ్లు అలవాటు పడిందా?

వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రి ఓపీ వరుసలో కాసేపు నిలబడితే ఎవరో ఒకరి నోట ఈ మాట వినబడుతుంది: “గోలీలు పని చేస్తలేవు సార్. ఒంటికి అలవాటైనయ్. పవరు పెంచి రాయున్రి.” మొదట్లో పొద్దున ఒక్క గోలీతో అదుపులో ఉన్న షుగరు ఇప్పుడు రెండు పూటలా రెండేసి మింగినా దిగడం లేదు. హనుమకొండ క్లినిక్కుల్లో, పరకాల, నర్సంపేట దవాఖానల్లో కూడా ఇదే ఫిర్యాదు. డాక్టరు దాన్ని ఖండించడు. వెనక ఇంకా నలభై మంది ఉంటారు. పవరు పెంచి చీటీ చేతిలో పెడతాడు. దాంతో రోగి అనుమానం నిజమని ముద్ర పడిపోతుంది.

ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. మందుకు ఒళ్లు అలవాటు పడటమంటే ఏమిటో తెలంగాణ పల్లెలకు కల్తీ కల్లు బాగానే నేర్పింది. ఈత, తాటి చెట్లు తగ్గిన చోట కల్లు పేరుతో అమ్మే నీళ్లలో డయాజెపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఇవి మెదడులో గాబా అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల మీద పనిచేసి మత్తు తెస్తాయి. రోజూ పడుతుంటే ఆ గ్రాహకాల స్పందన మందగిస్తుంది. ఒక సీసా చాలిన మనిషికి రెండు కావాలి. ఎక్సైజు దాడులతో సరఫరా ఒక్కసారిగా ఆగితే చేతులు వణుకుతాయి, ఫిట్సు వస్తాయి, లేనివి కనబడతాయి. అసలైన అలవాటుకు గుర్తులు ఇవే: అదే ఫలితానికి మోతాదు పెరుగుతూ పోవాలి, మానితే ఒళ్లు ఎదురు తిరగాలి, కొన్నాళ్లు విరామమిస్తే పాత మోతాదే మళ్లీ పనిచేయాలి. షుగర్ గోలీలో ఈ గుర్తులు కనబడతాయా అన్నదే ఈ అధ్యాయం.

జవాబు తెలియాలంటే ఈ గోలీ పుట్టిన చోటుకు వెళ్లాలి. 1942, ఫ్రాన్సులో మోంపెలియే నగరం, యుద్ధకాలం. టైఫాయిడ్ రోగులకు అక్కడి వైద్యుడు మార్సెల్ జాన్‌బాన్ కొత్త సల్ఫా మందొకటి ఇచ్చి చూస్తున్నాడు. పేరు కూడా పెట్టని మందు అది, 2254 ఆర్.పి. అన్న అంకె మాత్రమే దాని గుర్తు. కొందరు రోగులు చెమటలు పట్టి, తికమకపడి, ఫిట్సు వచ్చి పడిపోయారు. కొందరు చనిపోయారు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయిందని తేలింది. జాన్‌బాన్ ఈ సంగతి అదే ఊళ్లోని శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఓగ్యుస్త్ లూబతియేర్‌కు చెప్పాడు. లూబతియేర్ కుక్కల మీద ప్రయోగం చేశాడు. మామూలు కుక్కకు మందిస్తే చక్కెర దిగింది. క్లోమం తీసేసిన కుక్కకు అదే మందు ఎంత ఇచ్చినా దిగలేదు.

నా దృష్టిలో మన ప్రశ్నకు సగం జవాబు ఆ రెండో కుక్కలోనే ఉంది. ఆ మందుకు చక్కెరను నేరుగా తగ్గించే శక్తి లేదు. క్లోమంలోని బీటా కణాల చేత ఇన్సులిన్‌ను బయటికి పంపించడం ఒక్కటే దాని పని. ఆ కణాలు లేకపోతే మందు ఉన్నా లేనట్టే. యుద్ధం తర్వాత ఈ కుటుంబం నుంచే జర్మనీలో కార్బుటమైడ్, 1956లో టాల్‌బ్యుటమైడ్, 1960ల చివర మన పెద్దలకు డయోనిల్‌గా తెలిసిన గ్లిబెంక్లమైడ్, 1995లో గ్లైమిపిరైడ్ వచ్చాయి. వీటన్నిటినీ కలిపి సల్ఫొనైల్‌యూరియాలు అంటారు. ఇప్పుడు మందుల షాపులో షుగర్ గోలీ అని ఇచ్చేదాంట్లో చాలా మట్టుకు గ్లైమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసే ఉంటాయి. మెట్‌ఫార్మిన్ దారి వేరు. అది ప్రధానంగా కాలేయం నుంచి రక్తంలోకి వచ్చే చక్కెరను తగ్గిస్తుంది. పని చేయడం మానేసిందన్న నింద ఎక్కువగా మోసేది గ్లైమిపిరైడే కాబట్టి దాని సంగతే చూద్దాం.

బీటా కణం పైపొరలో పొటాషియం అయాన్లు బయటికి పోయే సన్నని ద్వారాలుంటాయి. అన్నం తిన్నాక రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. కణం దాన్ని కాల్చి ఏటీపీ అనే శక్తి అణువులను తయారుచేసుకుంటుంది. ఏటీపీ పెరిగితే పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి. పైపొర మీది విద్యుత్ స్థితి మారుతుంది, కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, అప్పటికే తయారై ఉన్న ఇన్సులిన్ సంచులు పగిలి రక్తంలో కలుస్తాయి. గ్లైమిపిరైడ్ ఆ ద్వారం పక్కనే ఉన్న గ్రాహకానికి అతుక్కుని, గ్లూకోజు తక్కువున్నా సరే, ద్వారాన్ని మూయిస్తుంది. గోలీ వేసుకుని అన్నం తినకపోతే కళ్లు తిరిగి పడిపోయేది అందుకే.

ఇన్సులిన్‌ను తయారుచేయడం వేరు, విడుదల చేయించడం వేరు. గోలీ చేసేది రెండోది. మన ప్రాంతంలో దీనికి పోలిక వెతుక్కోనక్కర్లేదు. కాకతీయులు తవ్వించిన పాకాల చెరువులో నీళ్లున్నన్నాళ్లూ తూము ఎత్తితే పొలం పారుతుంది. పూడిక పడి నీళ్లు అడుగంటితే తూము ఎంత ఎత్తినా లాభం లేదు, అలాగని తూము పాడైందనీ అనలేం.

మరి చెరువు ఎండుతోందని ఎలా తెలుసు? ఇక్కడ మనం బ్రిటన్‌లో జరిగిన ఒక సుదీర్ఘ పరిశోధనకు రుణపడి ఉన్నాం. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రాబర్ట్ టర్నర్ బృందం 1977లో మొదలుపెట్టింది. అప్పుడే షుగర్ బయటపడిన 5,102 మందిని కొన్ని గుంపులుగా విడదీసి ఒక్కో గుంపుకు ఒక్కో చికిత్స ఇస్తూ ఏళ్ల తరబడి వెంబడించారు. ప్రధాన ఫలితాలు 1998లో వచ్చాయి. యూకేపీడీఎస్ అనే దాని పేరు ఇవాళ వైద్య విద్యార్థులందరికీ తెలుసు. అందులో మనకు కావలసిన అంకెలు కొన్నే. రోగం బయటపడిన నాటికే బీటా కణాల సామర్థ్యం దాదాపు సగానికి పడిపోయి ఉంది. సల్ఫొనైల్‌యూరియా తీసుకున్నవారిలో మొదటి ఏడాది అది ఎగబాకింది, తర్వాత ఏటికేడు దిగుతూ వచ్చింది. ఇక్కడిదాకా చదివి, చూశారా, గోలీ కణాలను అరగదీసింది అనవచ్చు. కానీ ఏ గోలీ లేకుండా ఆహార నియమం మీదే ఉంచిన గుంపులోనూ ఆ సామర్థ్యం 51 శాతం నుంచి ఆరేళ్లలో 28 శాతానికి జారింది. మెట్‌ఫార్మిన్ గుంపులోనూ అదే జారుడు. గోలీ మింగనివాళ్లలో కూడా కణాలు అదే తీరున తగ్గాయంటే తగ్గిస్తున్నది రోగమే. ఒకే మందుతో లక్ష్యాన్ని నిలుపుకున్నవారు మూడేళ్లకు సగం మంది, తొమ్మిదేళ్లకు నాలుగోవంతు.

అలాగని అన్ని మందులూ సమానం కావు. 2006లో వచ్చిన అడాప్ట్ అనే మరో పెద్ద పరీక్షలో ఐదేళ్లకు ఒంటరిగా విఫలమైన మందుల లెక్క తీస్తే గ్లిబెంక్లమైడ్ 34 శాతం, మెట్‌ఫార్మిన్ 21 శాతం, రోసిగ్లిటజోన్ 15 శాతం. రోసిగ్లిటజోన్ ఆ పోటీలో గెలిచినా గుండెకు హాని అన్న అనుమానంతో 2010లో మన దేశంలో నిషేధానికి గురైంది. గ్లిబెంక్లమైడ్ అన్నిటికంటే ముందు చేతులెత్తేయడానికి అది కణాన్ని నిరంతరం తరమడం కూడా కారణం కావచ్చని కొందరు శాస్త్రజ్ఞుల వాదన. ఆ వాదనను పక్కన పెట్టేయలేం, కాసేపట్లో దానికి వస్తాను.

బీటా కణాలు ఎందుకు కుంగిపోతాయి? కారణాలు చాలా ఉన్నాయి, ఒకదాన్నొకటి పెంచుకుంటూ ఉంటాయి. రక్తంలో ఎప్పుడూ ఎక్కువగా ఉండే చక్కెరే కణానికి విషమవుతుంది. కొవ్వు ఆమ్లాలూ అంతే. ఇన్సులిన్‌తో పాటే విడుదలయ్యే అమైలిన్ అనే ప్రొటీన్ గడ్డకట్టి కణాల చుట్టూ పేరుకుంటుంది. అన్ని కణాలూ చనిపోవు. కొన్ని తమ పని మరిచి, ఇన్సులిన్ తయారుచేయని పసి స్థితికి జారుకుంటాయని 2012లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డొమెనికో అచ్చీలీ బృందం ఎలుకల్లో చూపించింది. చనిపోని కణం తిరిగి కోలుకోవచ్చు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

భారతీయులకు ఇంకో చిక్కుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుంది. వారిలో చాలామంది పాశ్చాత్య దేశాల రోగుల్లా లావుగా ఉండరు, రోగం పదేళ్లు ముందే వస్తుంది. పుణెలో చిన్న వయసులో షుగర్ వచ్చినవారిని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంతో కలిసి పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో సగానికి పైగా ఇన్సులిన్ తీవ్రంగా తక్కువున్న వర్గంలో పడ్డారు. అంటే మన చెరువు మొదటినుంచే చిన్నది. నలభై ఏళ్ల సన్నని రైతుకు గోలీ మూడేళ్లకే పట్టు తప్పితే దాన్ని అతని పథ్యం లోపంగా కొట్టిపారేసే డాక్టర్లంటే నాకు చిరాకు.

ఇప్పుడు అసలు సాక్ష్యం. గోలీకి ఒళ్లు అలవాటు పడేదే అయితే బీటా కణాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా కొన్నేళ్లకు అది పని మానేయాలి. అలాంటివాళ్లు ఉన్నారు. పుట్టిన ఆరు నెలల్లోపే షుగర్ వచ్చే శిశువుల్లో కొందరికి రోగమంతా ఒక్క జన్యువులో ఉంటుంది. పొటాషియం ద్వారాన్ని కట్టే ఆ జన్యువులో తప్పు జరిగి ద్వారం మూసుకోదు, ఇన్సులిన్ ఉన్నా బయటికి రాదు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో ఆండ్రూ హాటర్స్‌లీ బృందం 2004లో ఈ సంగతి కనిపెట్టింది. పుట్టినప్పటినుంచీ సూది మీదే బతుకుతున్న 49 మందికి సల్ఫొనైల్‌యూరియా ఇచ్చి చూస్తే 44 మంది ఇన్సులిన్ మానేయగలిగారు. అది 2006 నాటి మాట. పదేళ్లు గడిచాక 2018లో మళ్లీ లెక్క చూశారు. ఈ రకం రోగుల్లో 93 శాతం మంది ఇంకా గోలీ మీదే, చక్కని అదుపులో ఉన్నారు. పైగా శరీర బరువును బట్టి చూస్తే మోతాదు కొంచెం తగ్గింది కూడా. పదేళ్లు రోజూ వేసుకున్నా ఒళ్లు అలవాటు పడలేదు. వీళ్లకూ, మామూలు షుగర్ రోగులకూ ఇచ్చేది ఒకే రకం గోలీ. తేడా ఉన్నది కణాల్లో.

అయితే ఓపీ వరుసలో నిలబడ్డ మనిషి మాటలో కొంత నిజమూ ఉంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రెమెడీ, నికల్స్ 2008లో ఒక ప్రయోగం చేశారు. నెమ్మదిగా కరుగుతూ గ్లిబెంక్లమైడ్‌ను వదిలే బిళ్లలను ఎలుకల చర్మం కింద అమర్చారు. మొదట చక్కెర పడిపోయింది, తర్వాత పెరిగి మధుమేహ స్థాయికి చేరింది. కణాల్లో ఇన్సులిన్ నిల్వ అలాగే ఉంది కానీ విడుదల ఆగిపోయింది. మందు తీసేస్తే కొంతకాలానికి విడుదల తిరిగి మామూలైంది. విరామమిస్తే కోలుకోవడం అలవాటు గుర్తుల్లో ఒకటి కదా. మనిషిలో గోలీ రక్తంలో రోజంతా ఒకే తీరున ఉండదు, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అందువల్ల ఈ ప్రభావం ఎలుకల్లోలా పూర్తిగా రాకపోవచ్చు. అయినా దీర్ఘకాలం పనిచేసే గోలీని గరిష్ఠ మోతాదులో ఇచ్చి వదిలేయడానికి ఈ ఫలితం నన్ను వెనకాడేలా చేస్తుంది.

శరీరం నిజంగా తిరగబడ్డ కథ ఒకటుంది, అది గోలీ మీద జరిగింది కాదు. దశాబ్దాలపాటు ఆవుల, పందుల క్లోమాల నుంచి తీసిన ఇన్సులిన్‌నే మనుషులు పొడిపించుకున్నారు. పంది ఇన్సులిన్‌లో ఒక్క అమినో ఆమ్లం, ఆవు ఇన్సులిన్‌లో మూడు మనకంటే వేరు. కొందరికి మోతాదు రోజుకు 200 యూనిట్లు దాటినా చాలేది కాదు. న్యూయార్కులో బ్రాంక్స్ మాజీ సైనికుల ఆస్పత్రిలో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన ఇన్సులిన్‌ను ఎక్కించి అది రక్తంలో ఎంతసేపుంటుందో కొలిచారు. అంతకుముందు ఇన్సులిన్ తీసుకున్నవారిలో అది ఎక్కువసేపు ఉండిపోయింది. మధుమేహం లేకుండా మానసిక వ్యాధికి ఇన్సులిన్ చికిత్స పొందినవారిలో కూడా అంతే. దాన్ని పట్టి ఉంచుతున్నవి ప్రతిరక్షకాలు. ఇంత చిన్న ప్రొటీన్ మీద ప్రతిరక్షకాలు పుడతాయంటే అప్పటి పెద్దలు నమ్మలేదు. సైన్స్ పత్రిక తిప్పికొట్టింది. వేసుకున్న పత్రిక కూడా శీర్షికలోంచి ప్రతిరక్షకం అన్న మాట తీయించాకే 1956లో వేసుకుంది. 1977లో నోబెల్ ఉపన్యాసంలో యాలో తమకు వచ్చిన తిరస్కరణ లేఖ ఒకదాన్ని చూపించింది. బెర్సన్ అప్పటికి లేడు, 1972లోనే పోయాడు. ఆ ప్రతిరక్షకాలనే పనిముట్టుగా మార్చి రక్తంలో ఇన్సులిన్‌ను కొలిచే పద్ధతిని ఇద్దరూ కనిపెట్టారు. ఇవాళ ఫలానా రోగి కణాల్లో ఎంత ఇన్సులిన్ మిగిలిందో చెప్పగలగడానికి పునాది అదే. 1982లో మానవ ఇన్సులిన్ వచ్చాక ఈ ప్రతిరక్షకాల గొడవ చాలావరకు తగ్గింది.

ఇక వరంగల్‌కు వద్దాం. గోలీ పని చేయడం లేదన్నప్పుడు కణాలు తగ్గాయని వెంటనే తేల్చేయడం కూడా తొందరపాటే, ఎందుకంటే కణాల తగ్గుదల కారణం కాని సందర్భాలు ఇక్కడ కోకొల్లలు. క్షయ ఒకటి. షుగర్ ఉన్నవారికి క్షయ వచ్చే ముప్పు ఎక్కువ. దానికి ఆరు నెలలు వాడే మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది. అది కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను రెచ్చగొడుతుంది. గ్లైమిపిరైడ్ రక్తంలో చేరే మొత్తం మూడోవంతు తగ్గుతుంది, అదే కుటుంబంలోని గ్లిక్లజైడ్‌కైతే 70 శాతం. క్షయ మందులు మొదలైన రెండు వారాల్లో షుగర్ చెయ్యి దాటుతుంది. అప్పుడు గోలీ పవరు పెంచుతారు, సరే. ఆరు నెలల తర్వాత రిఫాంపిసిన్ ఆపినప్పుడు ఆ పవరు తగ్గించాలని గుర్తుంచుకునేవారు తక్కువ. చక్కెర ప్రమాదకరంగా పడిపోయేది అప్పుడే.

ఇంకో కారణం ఊరి ఆర్‌ఎంపీ. మోకాళ్ల నొప్పికి రెండు రోజుల్లో ఉపశమనం ఇచ్చే తెల్ల గోలీలో, సూదిలో చాలాసార్లు ఉండేది డెక్సామెథసోన్ లాంటి స్టిరాయిడ్. అది కాలేయం చేత చక్కెరను పోయిస్తుంది, ఇన్సులిన్‌ను పని చేయనివ్వదు. నొప్పి పోయిందన్న సంతోషంలో ఉన్న మనిషి ఆ గోలీ సంగతి షుగర్ డాక్టరుకు చెప్పడు, డాక్టరూ అడగడు.

సూది వేసుకునేవారి సంగతి వేరు. రోజూ పొట్ట మీద ఒక్కచోటే పొడుచుకుంటే అక్కడ కొవ్వు గడ్డ కడుతుంది. నొప్పి తెలియదు కాబట్టి మళ్లీ అక్కడే పొడుచుకుంటారు. గడ్డలోంచి ఇన్సులిన్ సరిగా రక్తంలోకి చేరదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో ఇక్కడి ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో అల్మరాలో పెట్టిన సీసా ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ అలాంటి ఇళ్లలో నిజంగా ఉపయోగపడుతుంది.

గోలీ మీద నమ్మకం పోయినవారు చేదు కషాయాల వైపు తిరుగుతారు. నేలవేము అందులో మొదటిది. మోకాళ్లకు అందుగు చెట్టు బంకతో చేసిన మాత్రలూ వాడుతుంటారు. ఈ రెండింటిలోని రసాయనాలను కాకతీయ విశ్వవిద్యాలయ ఫార్మసీ కళాశాలలో మధుమేహ ఎలుకలకు గ్లిబెంక్లమైడ్‌తో కలిపి ఇచ్చి చూశారు. రక్తంలో గ్లిబెంక్లమైడ్ మోతాదు పెరిగింది, చక్కెర ఇంకా దిగింది. కాలేయంలో మందును విరగ్గొట్టే ఎంజైములను ఇవి అణచడమే దీనికి కారణమని వారు భావించారు. రిఫాంపిసిన్‌కు సరిగ్గా తలకిందులు. కషాయం తాగగానే షుగర్ దిగిందని మురిసిపోయేవారిలో కొందరికి పనిచేసింది కషాయం వెనకున్న పాత గోలీయే అయ్యుండవచ్చు. ఎలుకల్లో కనబడింది మనుషుల్లో ఎంతవరకు ఉంటుందన్నది వేరే విషయం. అయినా గోలీ మానకుండా కషాయం తాగేవారు డాక్టరుకు ఆ ముక్క చెప్పి తీరాలి.

ఇవన్నీ తీసేశాక మిగిలేది నిజంగా ఎండుతున్న చెరువు. అప్పుడు పవరు పెంచితే ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాదు. సల్ఫొనైల్‌యూరియాల ప్రభావంలో చాలా భాగం గరిష్ఠ మోతాదులో సగానికే వచ్చేస్తుంది. గ్లైమిపిరైడ్ 4 మిల్లీగ్రాములు దాటాక పెరిగేదల్లా ప్రధానంగా చక్కెర పడిపోయే ప్రమాదం. ఇంకో దారిలో పనిచేసే మందు కలపడం, లేదా సూది, ఇవే మిగిలిన మార్గాలు.

సూది అనగానే ఇంట్లో ఏడుపు మొదలవుతుంది. సూది దాకా వచ్చిందంటే ఇక అయిపోయినట్టే అన్నది మన ఊళ్లలో పాతుకుపోయిన నమ్మకం. చైనాలో గ్వాంగ్‌ఝౌ వైద్యులు 2008లో ప్రచురించిన పరీక్షలో షుగర్ అప్పుడే బయటపడిన 382 మందిలో కొందరికి మొదట్లోనే కొన్ని వారాలు ఇన్సులిన్, మిగతావారికి గోలీలు ఇచ్చి, చక్కెర మామూలైన రెండు వారాలకు అన్నీ ఆపేశారు. ఏడాది తర్వాత ఏ మందూ లేకుండా అదుపులో ఉన్నవారు పంపుతో ఇన్సులిన్ తీసుకున్న గుంపులో 51 శాతం, రోజుకు చాలాసార్లు సూది వేయించుకున్న గుంపులో 45 శాతం, గోలీల గుంపులో 27 శాతం. కణానికి దొరికిన ఆ కొద్దిపాటి విశ్రాంతి ఏడాది పాటు నిలిచింది. ఇన్సులిన్‌తో చక్కెరను దించాక, అంతకుముందు పని చేయదనుకున్న గోలీ మళ్లీ పట్టు చిక్కించుకోవడం కూడా వైద్యులు చూస్తూనే ఉంటారు.

బరువు తగ్గితే ఇంకా పెద్ద మార్పే వస్తుంది. రాయ్ టేలర్, మైక్ లీన్‌ల ఆధ్వర్యంలో బ్రిటన్‌లో 306 మందితో జరిపిన డైరెక్ట్ పరీక్షలో రోజుకు సుమారు 850 కేలరీల ఆహారంతో కొన్ని నెలలు గడిపినవారిలో 46 శాతం మంది ఏడాదికి మందులన్నీ మాని రోగం నుంచి బయటపడ్డారు. రెండేళ్లకు ఆ అంకె 36 శాతానికి దిగింది. వీళ్లంతా లావుగా ఉన్నవారు, రోగం వచ్చి ఆరేళ్లు దాటనివారు. సన్నగా ఉన్నవారి సంగతేమిటని టేలర్ తర్వాత మరో 20 మందిని తీసుకుని చూశాడు. 14 మంది రోగం నుంచి బయటపడ్డారు. కాలేయంలో, క్లోమంలో చేరిన కొవ్వు తగ్గడమే అందుకు కారణమని ఆయన వివరణ. ఇరవై మంది చాలా చిన్న సంఖ్య, పైగా వారు బ్రిటన్‌వారు. మన పుణె అధ్యయనంలో కనబడిన, మొదటినుంచీ ఇన్సులిన్ తక్కువున్న యువకులకు ఇది ఇలాగే పనిచేస్తుందని దీని ఆధారంగా చెప్పలేం. పదిహేనేళ్లుగా గోలీలు మింగుతున్న అరవై ఏళ్ల మనిషి ఇది చదివి రేపటినుంచి అన్నం మానేస్తానంటే, గ్లైమిపిరైడ్ మోతాదు తగ్గించకుండా మాత్రం ఆ పని చేయకూడదు.